ఉప్పు పరీక్ష

మా ఆయన గోపాలకృష్ణకు యాభై దాటాక పొగ తాగడం నేర్చుకోవాలనిపించింది. బీడీ కాదు, సిగరెట్టు కాదు, సిగార్. మేడమెట్లు ఎక్కితేనే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే మనిషి, అగరుబత్తి పొగకే తుమ్మే మనిషి, బొటనవేలంత లావు పొగాకు ముక్కను నోట్లో పెట్టుకుని సోఫాలో వెనక్కి వాలాలని సరదా పడ్డాడు. సరదా పడి ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేదాన్ని.

ఈ రోగం అంటుకున్నది నాగార్జునసాగర్‌లో. చలికాలంలో మిర్యాలగూడ రైస్‌మిల్లర్లు కొందరు అక్కడొక రిసార్టులో కలిశారు. హైదరాబాద్ నుంచి బియ్యం ఎగుమతి చేసే రితేష్ కూడా వచ్చాడు. కుర్రవాడే, మాటకు ముందు దుబాయ్, మాట తర్వాత దుబాయ్. అతను అందరికీ తలా ఒక సిగార్ పంచాడట. మా ఆయన ఒక్క దమ్ము లాగి, కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ కృష్ణ ఒడ్డున కూలబడ్డాడని ఒక మిల్లర్ భార్య నాకు ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. కానీ ఆ దగ్గు మొదలుకాక ముందే ఎవరో ఫోటో తీశారు. ఆ ఫోటోలో ఆయన పెద్ద దొరలా ఉన్నాడు. ఇంటికి రాగానే వాట్సాప్‌లో తన పేరు పక్కన ఆ ఫోటో పెట్టుకున్నాడు. అంతవరకు అక్కడ వెంకటేశ్వరస్వామి ఉండేవాడు.

మా ఇల్లు మిల్లు ఆవరణలోనే ఉంటుంది, సూర్యాపేట దాటాక మిర్యాలగూడ రోడ్డు మీద. కింద ఆఫీసు, పైన మేము. బాల్కనీలో నిలబడితే కాంటా, రేకుల షెడ్డు, పెద్ద గేటు, గేటు బయట రోడ్డు పొడవునా నిలబడ్డ వడ్ల ట్రాక్టర్లు అన్నీ కనిపిస్తాయి. నేను కోదాడలో హోల్‌సేల్ కిరాణావాళ్ళ ఆడపిల్లను. పెళ్ళయి వచ్చిన కొత్తలో మర చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు మర ఆగితే పట్టదు.

సాగర్ నుంచి వచ్చిన వారానికే పెట్టె దిగింది. హ్యుమిడోర్ అంటారట. నున్నగా మెరిసే చెక్కపెట్టె, లోపల ఎర్రటి దేవదారు పలకలు, మూతకు గుండ్రటి మీటర్ ఒకటి. సిగార్‌ను ఊరికే అల్మారాలో పడేస్తే ఎండిపోయి పెళుసుబారుతుందట. మరీ తడిస్తే బూజు పడుతుందట. పెట్టెలో గాలి తేమ అరవై తొమ్మిది శాతం దగ్గర నిలబడాలట. ఈ మాట ఆయన నాకు చెబుతుంటే నాకు నవ్వాగలేదు. తేమ అనేది మా ఇంట్లో బూతుమాట కింద లెక్క. వడ్లలో తేమ పదిహేడు దాటితే, దాటిన ప్రతి పాయింటుకు క్వింటాలుకు కిలో చొప్పున కోసేస్తారు. పద్దెనిమిదుంటే కిలో, పంతొమ్మిదుంటే రెండు కిలోలు. రైతు బతిమాలినా, ఏడ్చినా మా ఆయన చేత్తో మీటర్ చూపిస్తాడు తప్ప నోరు తెరవడు. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని పొగాకుకు తడి ఆరకుండా కాపలా కాస్తున్నాడు.

పెట్టెను నేరుగా వాడకూడదట. ముందు చెక్కకు నీళ్ళు తాగించాలట, అదీ మామూలు నీళ్ళు పనికిరావట, డిస్టిల్డ్ వాటర్ కావాలట. సూర్యాపేటలో డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుంది? బ్యాటరీల కొట్టులో. ట్రాక్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళ డబ్బా తెప్పించి, కొత్త స్పాంజితో పెట్టె లోపల పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చేతిలో తడిబట్ట చూడడం నాకదే మొదటిసారి. తుడవడమయ్యాక మూత మీద కుంకుమ బొట్టు పెట్టమన్నాడు.

"పొగతాగే పెట్టెకు బొట్టేమిటండీ?" అన్నాను.

"కొత్త వస్తువు గదా. కొత్త మోటారుకు పెట్టలే? గిదీ గంతే."

నేను పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు.

తర్వాత సిగార్లు వచ్చాయి. వాటిలో పురుగు గుడ్లుంటే వేడికి పొదుగుతాయట. మిల్లులో పుట్టి పెరిగిన మనిషికి పురుగంటే భయం ఉండడంలో తప్పులేదు గానీ, ఆ సిగార్లను తీసుకెళ్ళి నా ఫ్రిజ్‌లో పైఅరలో, పచ్చి బటానీల పక్కన, కొబ్బరికోరు డబ్బా మీద పెట్టాడు. మూడు రోజులు గడ్డకట్టించాలట. ఆ వారం మేము తిన్న కొబ్బరి పచ్చడి సంగతి చెప్పను. ఆ తర్వాత పెట్టెకు ఎండ తగలకూడదన్నాడు, వేడి తగలకూడదన్నాడు, రోజంతా ఏసీ ఉండాలన్నాడు. ఏసీ ఉన్నది నా కుట్టు మిషన్ గదిలో. మిషన్ మెట్ల మీదికి, పెట్టె గదిలోకి. గది పేరు సిగార్ లాంజ్.

ఇంట్లో పనిచేసే కౌసల్య ఒకరోజు దుమ్ము తుడుస్తూ మూత ఎత్తింది.

"గీ పెట్టె మూత ఎవలు తెరిసిన్రు?" అని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "అరవై తొమ్మిదున్నది అరవై ఆరుకు పడ్డది. ఎంత పరేషాన్ అయితున్న నేను!"

కౌసల్య బిత్తరపోయి నా వంక చూసింది. నేను ఆయన వంక చూశాను. ఆయన పెట్టె వంకే చూస్తున్నాడు.

అసలు పిచ్చి ఆ మీటర్ దగ్గర ముదిరింది. సిగార్ల గురించి చెప్పే వీడియో ఒకటి చూసి, కొత్త మీటర్లు నిజం చెప్పవని తెలుసుకున్నాడు. దానికి ఉప్పు పరీక్ష ఉందట. సీసామూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి ముద్ద చేసి, దాన్నీ మీటర్‌నూ ఒకే జిప్ కవర్‌లో పెట్టి ఒక పూట వదిలేస్తే, మీటర్ డెబ్బై అయిదు చూపించాలి. అది ప్రకృతి నియమమట. మా మీటర్ ఎనభై ఒకటి చూపించింది. ఆయన ముఖం చూడాలి. కన్నకొడుకు దొంగతనం చేసి పట్టుబడినా అంత కుమిలిపోడు. తేరుకున్నాక ఆ ఉప్పునూ మీటర్‌నూ ముందు పెట్టుకుని తనే ఒక వీడియో తీసి స్టేటస్ పెట్టాడు.

"సూడున్రి. ఆరు పాయింట్లు అబద్ధం సెప్తున్నది. నమ్మి ఊకుంటే నా సిగార్లన్ని ఖతం అవుతుండె. అందుకే సెప్తున్న, మీటర్ సూపించిందని నమ్మొద్దు. ముందుగాల మీటర్‌కే పరీక్ష పెట్టాలె. పరీక్ష పెట్టని మీటర్ మీటరే కాదు."

రితేష్ చప్పట్ల బొమ్మలు పంపాడు. మా ఆయన మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఒక చిన్న సంగతి మరిచిపోయాడు. వడ్లు ఎప్పుడు తేవాలో అడగడానికి సూర్యాపేట నుంచి కోదాడ దాకా సగం మంది రైతుల ఫోన్లలో ఆయన నంబర్ ఉంది, ఆయన ఫోన్లో వాళ్ళ నంబర్లున్నాయి. దేశంలో సిగార్ తాగేవాళ్ళు ఎంతమంది చూశారో గానీ, యాసంగి వడ్లు నూర్చుకుని ట్రాక్టర్ల కోసం తిరుగుతున్న రైతులంతా ఆ స్టేటస్ చూశారు, ఒకరికొకరు పంపుకున్నారు.

ఆ శనివారం మరియమ్మ ట్రాక్టర్ వచ్చింది. మరియమ్మది చివ్వెంల అవతల ఊరు. భర్త పౌలు నడుములో పూస జారి మంచాన పడ్డాక, కౌలుకు మూడెకరాలు పట్టి వరి వేస్తున్నది ఆమే. ఆ ట్రాక్టర్‌లో ఉన్నదే ఆమె పంటంతా. ఇంకెక్కడా ఒక్క గింజ లేదు. మీటర్ పట్టే కిష్ట్యా పిడికెడు వడ్లు తీసి మీటర్ గిన్నెలో పోశాడు.

"పంతొమ్మిది," అన్నాడు.

"ఎట్లయితది?" అంది మరియమ్మ. "నాలుగొద్దులు రోడ్డు మీద ఎండబోసిన. పంటి కింద ఏస్తే టక్కున ఇరుగుతున్నయ్."

"మీటర్ సూపిస్తుంది గద. రెండు కిలోలు కోత. ఇష్టముంటే కాంటా ఎక్కించు, లేకుంటే మళ్ళ ఎండబోసుకరాపో."

ఆమె కాంటా ఎక్కించలేదు, వెనక్కీ పోలేదు. ట్రాక్టర్‌ను గేటు పక్కన పెట్టించి, మీద పరదా కప్పి, దాని నీడలో కూర్చుంది. నాకు బాల్కనీ నుంచి కనిపిస్తూనే ఉంది. ఆమె వెనక వచ్చినవాళ్ళకూ పద్దెనిమిదులు, పంతొమ్మిదులే పడ్డాయి. వాళ్ళు కూడా కోతకు ఒప్పుకోక, ఆమెను చూసి ఆగిపోయారు. ఆదివారం పొద్దుటికి గేటు బయట ట్రాక్టర్ల వరస రోడ్డు మలుపు దాకా పోయింది. పడమట మబ్బు పట్టింది. తడిస్తే ఆ వడ్లు మొలకెత్తుతాయి, మొలకెత్తిన వడ్లు ఎవరూ కొనరు. అది గేటు దగ్గర ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు.

కానీ ఆదివారం మా ఆయనకు వేరే పని ఉంది. సాయంత్రం సిగార్ పార్టీ. రితేష్ వస్తున్నాడు, మిర్యాలగూడ నుంచి ముగ్గురు మిల్లర్లు వస్తున్నారు. వాళ్ళ కార్లకు దుమ్ము పడకూడదని రేకుల షెడ్డు ఖాళీ చేయించి కడిగించాడు. వాన వస్తే ట్రాక్టర్లు నిలబడే షెడ్డు అది.

"మబ్బు పట్టిందండీ, ట్రాక్టర్లను షెడ్డులోకి రానివ్వరా?" అన్నాను.

"నలభై లక్షల కారు బయట పెట్టుమంటవా?" అన్నాడు, నేనేదో తిట్టినట్టు.

రితేష్ పొద్దున్నే వచ్చి గోడౌన్‌లో లాట్ చూసుకున్నాడు. డ్రయ్యర్‌లో ఆరబెట్టి, మరకు సిద్ధంగా ఉంచిన వడ్లవి. అవి మరాడించాక వచ్చే బియ్యమంతా అతనే తీసుకోవాలి. తన సంచిలోంచి తన సొంత మీటర్ తీసి కొలిచి, "పద్నాలుగు. పర్ఫెక్ట్," అన్నాడు. మిగతా మాటలు సాయంత్రం మాట్లాడుకుందాం అన్నాడు. మా ఆయన కాళ్ళు నేల మీద లేవు.

సాయంత్రం అయిదుగురూ లాంజ్‌లో కూర్చున్నారు. మా ఆయన పెట్టె తెరిచి ఒక్కో సిగార్ తీసి చూపిస్తూ, ఇది ఫలానా దేశం, ఇది ఫలానా ఆకు అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ దేశాల పేర్లు వారం కింద ఆయనకూ తెలియవు. సిగార్ కొన కత్తిరించడానికి ఒక కత్తెర, వెలిగించడానికి ఒక మంటయంత్రం. పొగ మింగకూడదట, నోట్లో ఉంచుకుని వదిలేయాలట. మింగని పొగ కోసం ఇంత తతంగమా అని నేననలేదు. మిర్చిబజ్జీలు తెచ్చి పెట్టాను. సిగార్‌తో పాటు కారం తినకూడదు, రుచి చచ్చిపోతుందని రితేష్ అన్నాడు. పళ్ళెం మాత్రం నేను వెనక్కి తిరిగేలోపే ఖాళీ అయింది. మిర్యాలగూడ మిల్లర్లలో ఒకాయన సిగార్‌ను తలకిందులుగా పట్టుకుని కాలే కొన నోట్లో పెట్టుకోబోయాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఏది పై కొనో మిగతావాళ్ళకూ గట్టిగా తెలియదు.

మా ఆయన ఉప్పు పరీక్ష కథ ఎత్తుకున్నాడు. సగంలో ఉండగా ఆకాశం ఉరిమింది. కింద నుంచి "సేటూ!" అని కేక వినిపించింది.

అందరం బాల్కనీలోకి వచ్చాం. మరియమ్మ ముంగిట్లో నిలబడి ఉంది, పక్కన ఆమె కూతురు అఖిల. అఖిల కోదాడలో ఇంజనీరింగ్ చదువుతుంది, సెలవని ఇంటికి వచ్చి తల్లికి అన్నం తెచ్చింది. వాళ్ళ వెనక గేటు దాకా రైతులున్నారు. అఖిల చేతిలో ఫోన్ ఉంది. దాంట్లోంచి మా ఆయన గొంతు గట్టిగా వస్తోంది: "పరీక్ష పెట్టని మీటర్ మీటరే కాదు."

రితేష్ పకపకా నవ్వాడు. "గోపాలకృష్ణ గారూ, మీకు ఫ్యాన్స్ ఉన్నారే!"

మా ఆయన సిగార్ చేత్తో పట్టుకునే కిందికి వంగాడు. "ఏందమ్మా లొల్లి? అతిథులున్నరు, కనిపిస్తలేదా?"

"లొల్లి గాదు సార్," అంది అఖిల. "మీరు సెప్పిందే అడుగుతున్నం. వడ్ల మీటర్‌కు పరీక్ష పెట్టున్రి."

"వడ్ల మీటర్‌కు ఉప్పు పరీక్ష ఉండదు. అది వేరే, ఇది వేరే. సదువుకుంటున్నవ్, గా మాత్రం తెల్వదా?"

"ఉప్పు వద్దు సార్. మీ గోడౌన్ల ఆరబెట్టిన వడ్లున్నయ్ గద, మరకు పోయేటియి. పద్నాలుగుంటయని మీరే అంటరు. గవి తెచ్చి గీ మీటర్ల పోయున్రి. పద్నాలుగు సూపిస్తే మా అమ్మయి పంతొమ్మిదే. కోత ఇచ్చి నోరు మూసుకొని పోతం."

మా ఆయన నోరు తెరిచాడు. ఆయన ఏమనేవాడో తెలియదు, రితేష్ అడ్డుపడ్డాడు. "బాగుంది. చేయండి, చూద్దాం. పొద్దున నేను కొలిచిన బస్తాలోంచే తెప్పించండి." అతనికి అదొక వినోదం. సిగార్ పార్టీలో మరో అంశం అన్నట్టు ముందు తనే మెట్లు దిగాడు. మిగతావాళ్ళు పొగ వదులుతూ వెనకాలే దిగారు. మా ఆయన ఆఖరున, నేను ఆయన వెనక.

నేను తాళం తీస్తే కిష్ట్యా గోడౌన్‌లోకి పోయి అదే బస్తాలోంచి పిడికెడు వడ్లు తెచ్చాడు. అందరి ముందు మీటర్ గిన్నెలో పోసి మూత బిగించాడు. అంకె కనిపించింది. కిష్ట్యా దాన్ని పైకి చదవలేదు. అఖిలే చదివింది.

"పదహారు."

రైతులకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. రితేష్‌కు అంత కూడా పట్టలేదు. అతని ముఖంలో నవ్వు పోయింది. సిగార్‌ను నోట్లోంచి తీసి పక్కకు పెట్టాడు.

"గోపాలకృష్ణ గారూ, నా మీటర్ పద్నాలుగంది. మీ మీటర్ పదహారంటోంది. మీ మీటర్ కరెక్టయితే మీరు నాకు తడి సరుకు అంటగడుతున్నట్టు. నా మీటర్ కరెక్టయితే..." అని గేటు వైపు చేయి చూపించాడు. "మీరే చెప్పండి. ఏది తప్పు?"

ఒక పక్క రితేష్, ఒక పక్క రైతులు. ఏదో ఒక పక్క దొంగనని ఒప్పుకోక తప్పదు. ఏ పక్క ఒప్పుకోవాలో ఆలోచించడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

"మా మీటరే తప్పు," అన్నాడు. "రెండు పాయింట్లు ఎక్కువ సూపిస్తుంది. మీ లాట్ పక్కా పద్నాలుగే. నాకు తెల్వదు రితేష్ గారూ, ఒట్టు, నాకు నిజంగ తెల్వదు."

ఆయనకు తెలుసో తెలియదో ఈరోజుకీ నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదన్నది మాత్రం నిజం. సిగార్ల విషయంలో అనిపించింది. ఒక పూటంతా జిప్ కవర్ ముందు కూర్చుని ఉప్పు వంక చూస్తూ గడిపాడు. మనుషుల పంటలు కొలిచే మీటర్‌ను ఒక్కసారి తిప్పి చూడలేదు. ఆయన కట్టుకున్న దొరతనం అంతా ఇంతే అనిపించి, ఆయన పక్కన నిలబడడానికి సిగ్గేసింది.

"అంటే మా అమ్మయి పదిహేడు," అంది అఖిల.

"సరే సరే. కోత లేదు. కిష్ట్యా, ఆమె బండి కాంటా ఎక్కించు." మా ఆయన చేతులు దులుపుకున్నాడు. "ఆమె ఒక్కదానిదే. మిగతాయి రేపు, కొత్త మీటర్ తెప్పించినంక. గేటు వెయ్యున్రి."

అప్పటికే చినుకులు మొదలయ్యాయి. రేపు కొత్త మీటర్ వస్తుంది, నిజమే చెబుతుంది. రాత్రంతా తడిసిన వడ్లకు ఇరవై రెండో ఇరవై మూడో చూపిస్తుంది. మా ఆయన అబద్ధపు మీటర్‌తో కోసింది చాలక, నిజం మీటర్‌తో కోయబోతున్నాడు.

మరియమ్మ ట్రాక్టర్ డ్రైవర్ ఇంజను తిప్పాడు. ఆమె ముందుకు పోయి, బండిని గేటు దాకా మాత్రమే రానిచ్చి, ముందు చక్రాన్ని గేటు రెక్కకు ఆనించి ఆపించింది. లారీలు పోయే గేటు కాబట్టి రెండో పక్క నుంచి ట్రాక్టర్లు లోపలికి పోవచ్చు. ఈ రెక్క మాత్రం ఇక మూతపడదు.

"నాది ఆఖరుకు ఎక్కుతది," అంది. "ముందుగాల మీరు పోన్రి," అని వెనకవాళ్ళకు చేయి ఊపింది.

"అమ్మా, తడుస్తయే!" అంది అఖిల.

"తడిస్తె తడుస్తయ్. మనయి లోపల్కి పోతే గేటు పడతది. గిట్ల సగంల నిలబడితే పడదు."

నేను షెడ్డు వైపు చూశాను. కడిగిన నేల మీద నాలుగు కార్లు తళతళలాడుతున్నాయి. డ్రైవర్లు బజ్జీలు తింటూ కూర్చున్నారు. నేను పోయి, "బళ్ళు బయటికి తీయండి," అన్నాను. వాళ్ళు మా ఆయన వంక చూశారు. మా ఆయన, "నవనీతా, ఏం జేస్తున్నవ్? నీకేమన్న పిస్స లేసిందా?" అని పళ్ళు కొరికాడు.

"కార్లు వానకు కరగవండీ. వడ్లు మొలుస్తాయి," అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను. డ్రైవర్లు లేవలేదు. నేను రితేష్ వైపు తిరిగాను. "బాబూ, మీ లాట్ ఉన్న గోడౌన్ తాళాలు నా దగ్గరే ఉంటాయి. మీ కారు ముందు తీయించండి."

రితేష్ తెలివైనవాడు. వాదించలేదు. డ్రైవర్‌కు సైగ చేశాడు. అతని కారు కదలగానే మిగతా మూడూ కదిలాయి. కార్లు బయటికి, ట్రాక్టర్లు లోపలికి. మిర్యాలగూడ మిల్లర్లు మా ఆయనకు చెప్పకుండానే కార్లెక్కారు. ఒకాయన మాత్రం అద్దం దించి, "అన్నా, గా వీడియో ముందు తీసెయ్యి. మా రైతులు సూస్తే మాకూ తిప్పలు," అని వెళ్ళిపోయాడు. ఆ నాలుగు ముక్కల్లో మీటర్ల సంగతి నాకు పూర్తిగా బోధపడింది. రితేష్ ఫోన్ చేస్తానన్నాడు. చేస్తాడో లేదో మా ఆయన అదృష్టం.

మా ఆయన మేడెక్కిపోయాడు. నేను చెబితే కిష్ట్యా కాంటా దగ్గర మీటర్ పట్టుకుని కూర్చున్నాడు. అంకె చదవడం, రెండు తీసేయడం, రాయడం. నేను పక్కనే కుర్చీ వేసుకున్నాను. పదిహేడు, పదహారు, పదహారున్నర. కోత పడాల్సిన బండి ఆ సాయంత్రమంతా ఒక్కటే తగిలింది. ఆ రైతు కూడా నవ్వి ఒప్పుకున్నాడు, నావి నిజంగనే పచ్చివి అన్నాడు. గేటులో మరియమ్మ పరదా అంచులు పట్టుకుని వానలో నిలబడే ఉంది, రెండో అంచు అఖిల పట్టుకుంది.

చివరి బండిగా ఆమెది ఎక్కింది. పరదా చిరిగిన చోట పై పొర తడిసింది. ఎవరూ అడగకుండానే ఆమె ఆ తడి వడ్లను గంపలతో పక్కకు తీయించింది, మిగతావే తూచమంది. పదిహేడు. కోత లేదు. కిష్ట్యా ఇచ్చిన చిట్టీని కొంగుతో తుడిచి, జాకెట్‌లో దోపుకుంది. తీసిన తడి వడ్లను మూటలు కట్టించి అఖిలతో బండి ఎక్కించింది. ఇక పోతుందనుకున్నాను. నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, గీ మీటర్ ఎప్పటిది?"

"నిరుడు వానాకాలం పంటకు తెచ్చారు."

"అయితే ఆ పంట గూడ దీంతోనే కొలిసిన్రు. అప్పుడు గూడ మాకు రెండు కోసిన్రు." ఆమె గొంతులో కోపం లేదు. లెక్క అడుగుతున్నట్టు కూడా లేదు. "గదెట్ల మరి?"

"సేటును అడుగు మరియమ్మా. నన్నడిగితే నాకేం తెలుసు?" అన్నాను. అప్పటిదాకా ఆయన్ను తిట్టుకుంటూ నేనేదో వేరే గట్టు మీద ఉన్నాననుకున్నాను.

"సేటు నడిగితె మీటర్ మీదికి నెడతడు," అంది. "మీరు ఎవల మీదికి నెడతరు?"

నేను జవాబు చెప్పేదాకా ఆమె అక్కడే నిలబడింది. తడిసిన చీర నుంచి నీళ్ళు నా కుర్చీ దాకా పారుతున్నాయి. వెళ్ళబోతున్న రైతులు కూడా ఆగారు. నేను చెప్పాల్సింది చెప్పి, మేడెక్కాను.

లాంజ్‌లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వానగాలి గదంతా తిరుగుతోంది. పెట్టె మూత ఎవరూ వేయలేదు. మా ఆయన దాని ముందు కూలబడి, ఒక సిగార్ తర్వాత ఒకటి వెలిగించి చూస్తున్నాడు. ఒక్కటీ అంటుకోవడం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, ఈసారి పొగ వల్ల కాదు.

"వానాకాలం పంటలో కోసినవాళ్ళంతా రేపట్నుంచి వస్తారండీ," అన్నాను. "కోసినవన్నీ తిరిగి ఇస్తామని గేటు దగ్గర చెప్పొచ్చాను."

ఆయన తల ఎత్తి నా వంక చూశాడు. "ఎవల్నడిగి సెప్పినవ్?"

"మరియమ్మ నన్నడిగింది. నేను చెప్పాను."

అరుస్తాడేమోనని నిలబడ్డాను. ఆయన మళ్ళీ పెట్టెలోకే చూశాడు. "నవనీతా, ఎనభై దాటింది. అన్నీ ఉబ్బిపోయినయ్. ఇప్పుడు వీటినేం జెయ్యాలె?"

"అరవై తొమ్మిది మీద ఎన్ని పాయింట్లుంటే అన్ని కోసుకోండి," అన్నాను.